గొట్టానికి మూడు వంపులు

ఆ కార్ఖానాలో తుడుపు మేస్త్రి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. విమానాల టర్బైను ఇంజన్లను విప్పి, బాగుచేసి, తిరిగి బిగించే చోటు అది. బిగించిన ప్రతి ఇంజనూ చివరికి మేస్త్రి ఏలుబడిలో ఉన్న పరీక్ష గదికి రావాల్సిందే. మూరెడు మందం గోడల మధ్య దాన్ని ఇనుప చట్రానికి బిగించి నడిపి చూస్తారు. మేస్త్రి సరేనంటే ఇంజను వెళ్లి విమానం ఎక్కుతుంది, కాదంటే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ గదికి రాజూ ఆయనే, మంత్రీ ఆయనే, చీపురు పట్టేదీ ఆయనే. నేల మీద నూనె చుక్క కనిపిస్తే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. ప్యాంటు జేబులోంచి ఎప్పుడూ ఒక గుడ్డ వేలాడుతూ ఉంటుంది. ఇంజన్లు పొగ కక్కే గది అంత శుభ్రంగా ఎలా ఉంటుందో చూసి పోదామని పక్క కార్ఖానాలవాళ్లు కూడా వచ్చేవారు. వాళ్లు మెచ్చుకుంటే మేస్త్రి పొంగిపోయేవాడు. కొంప ముంచింది ఆ పొంగే.

ఉద్యోగ విరమణకు ఇంకా ఐదు వారాలున్నాయనగా, ఆ గదికి కొత్త మీటర్లు పెట్టడానికి ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. ముప్పై లోపు వయసు. అందరూ ఇంజనీరమ్మ అనేవారు. మాట తక్కువ, ప్రశ్న ఎక్కువ. ఇంజన్లోకి పోయే ప్రతి గొట్టానికీ, బయటికొచ్చే ప్రతి గొట్టానికీ ఒక మీటరు తగిలించుకుంటూ పోయింది. నాలుగో రోజున, "సీలు కారుతోంది" అని మేస్త్రి ముందురోజే పక్కన పెట్టిన ఇంజన్ని మళ్లీ ఎక్కించమంది. ఇంజను నెమ్మది వేగంలో తిరుగుతుండగా ఒక మీటరు దగ్గర ఆగిపోయింది.

"మేస్త్రి గారూ, ఈ బ్రీదరు గొట్టం ఇంత పొడుగుందేంటి?"

"ఇంజను లోపలి గాలీ, పొగా బయటికి పోవాలి కదమ్మా."

"మూడు వంపులున్నాయి. గోడ అవతల డ్రమ్ములోకి పోతోంది. ఆ డ్రమ్ములో ఏముంది?"

"జల్లెడ. నూనె తుంపర అక్కడ ఆగిపోతుంది. లేకపోతే గోడంతా నల్లబడుతుంది."

"ఇంజను కంపెనీవాళ్ల బొమ్మలో ఇది లేదు. ఎవరు పెట్టారు?"

మేస్త్రికి దొంగకు తేలు కుట్టినట్టయింది. "నేనే" అన్నాడు, ఇంజను చప్పుడులో ఆమెకు వినపడిందో లేదో.

ఇంజన్ని ఆపించి, గొట్టం మొదటి కీలు దగ్గర ఆమె స్వయంగా విప్పేసింది. మళ్లీ నడిపించింది. బ్రీదరు నోట్లోంచి నూనె ఆవిరి గదిలోకి చిమ్మింది. మేస్త్రి తుడిచిన నేల మీద మచ్చలు పడ్డాయి. పది నిమిషాలు నెమ్మది వేగంలో తిప్పి ఆపాక, ఇంజను తోకలో తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చింది. మళ్లీ గొట్టం బిగించి నడిపితే నీలం పొగ లేచింది, గుడ్డ తడిసింది. ఆమె అలా మూడుసార్లు విప్పి, మూడుసార్లు బిగించింది. మూడుసార్లూ అదే తంతు.

"సీలు శుభ్రంగా ఉంది. ఊపిరాడక నూనె బయటికొస్తోంది" అంది చేతులు తుడుచుకుంటూ. "ఎన్నేళ్లయింది ఈ గొట్టం పెట్టి?"

"పన్నెండేళ్లు దాటింది."

"ఈ పన్నెండేళ్లలో సీలు కారిందని ఎన్ని ఇంజన్లు వెనక్కి పంపారు?"

మొత్తం ఎన్నో మేస్త్రికి గుర్తులేదు. గుర్తున్నవి మొదటి తొమ్మిది. ఆ తొమ్మిదింటికీ సీళ్లు చేసింది ఆయన బావ.

*

కార్ఖానా అంతటా బావను బొగ్గు బావ అనేవారు. మేస్త్రి నోట "బావా, బావా" అని విని విని అందరికీ అదే అలవాటైంది. బొగ్గు ఎందుకంటే ఆయన పని బొగ్గుతో. నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే ఇరుసు బేరింగుల మీద నిలబడుతుంది. బేరింగు చుట్టూ పిడికెడు గది, ఆ గదిలో నూనె. ఇరుసు గది దాటి బయటికొచ్చే సందులో ఒక కార్బను ఉంగరం కూర్చుంటుంది. దాన్నే సీలు అంటారు. దాని ముఖం ఎంత చదునుగా ఉండాలంటే, కంటికి కాదు కదా, మామూలు కొలబద్దకు కూడా అందదు. ఆ చదును తెచ్చే పని బావది. ఇనుప పలక మీద ఉంగరాన్ని ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ, గంటల తరబడి అరగదీసేవాడు. తర్వాత పసుపు దీపం కింద గాజు బిళ్ల పెట్టి చూసేవాడు. బిళ్లలో సన్నటి గీతలు కనిపిస్తాయి. గీతలు తిన్నగా ఉంటే ముఖం చదును, వంగితే వంకర. బావ సీళ్లలో వంగిన గీత చూసినవాళ్లు లేరు.

మేస్త్రిని కార్ఖానాలో చేర్చిందీ ఆయనే. అక్కను చేసుకున్న ఏడాదికి, పనీపాటా లేకుండా తిరుగుతున్న బావమరిదిని వెంటబెట్టుకొచ్చి, పానా ఎలా పట్టుకోవాలో చెయ్యి పట్టుకుని నేర్పాడు. పరీక్ష గది బాధ్యత అప్పగించేలా పెద్దవాళ్లకు చెప్పిందీ ఆయనే. "మా బావమరిది గది చూశారా? ఇంజన్ని కూడా చెప్పులు విప్పి లోపలికి రమ్మంటాడు" అని భోజనాల దగ్గర అందరినీ నవ్వించేవాడు. బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అంటారు పెద్దలు. మేస్త్రి నిజంగానే బావ బతుకు కోరినవాడు. అయినా దాయాది చెయ్యాల్సిన పని ఆయన చేశాడు.

గొట్టం కథ చాలా చిన్నది. బేరింగు గదిలోని నూనె బయటికి రాకుండా నిజంగా ఆపేది గాలి. ఇంజను గాలి సీలు సందులోంచి లోపలికి తోస్తూ ఉంటుంది, నూనె వెనక్కి తగ్గుతుంది. లోపలికి వచ్చిన గాలి మళ్లీ బయటికి పోవడానికి బ్రీదరు ఉంది. అది నూనె ఆవిరితో కలిసి చిమ్ముతుంది కాబట్టి పరీక్ష గది గోడ నల్లగా జిడ్డు పట్టేది. మేస్త్రికి అది కంట్లో నలుసు. అందుకని అంగుళం గొట్టం, మూడు వంపులు, గోడకు కన్నం, అవతల డ్రమ్ము, డ్రమ్ములో జల్లెడ అమర్చాడు. గోడ తెల్లబడింది. జల్లెడ నెమ్మదిగా జిడ్డుతో పూడుకుపోయింది. పోవాల్సిన గాలి పోక బేరింగు గదిలో ఒత్తిడి పెరిగింది. ఇంజను జోరు మీద ఉన్నప్పుడు బయటి గాలిదే పైచెయ్యి కాబట్టి ఏమీ తెలిసేది కాదు. నెమ్మది వేగంలోకి రాగానే లోపలి ఒత్తిడి నెగ్గేది. అంత చదునైన సీలునూ దాటుకుని నూనె బయటికొచ్చేది.

మేస్త్రి ప్రతి శనివారం డ్రమ్ములో చేరిన నూనె వంపేసేవాడు, దాంతో జిడ్డు పట్టిన జల్లెడలోంచి గాలికి కాస్త దారి దొరికేది. సోమవారం ఎక్కించిన ఇంజను ఎప్పుడూ కారలేదు. వారం చివర ఎక్కించినవే కారేవి. ఆ సంగతి పరీక్ష పుస్తకంలో తేదీలతో సహా ఆయన దస్తూరీలోనే ఉంది. ఎవరూ చూడలేదు, ఆయనా చూడలేదు.

మొదటి ఇంజను వెనక్కి వచ్చినప్పుడు బావ నవ్వాడు. మూడోది వచ్చినప్పుడు పలక మార్చాడు. ఐదోది వచ్చాక కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. వెనక్కి వచ్చిన ప్రతి సీలునూ దీపం కింద పెట్టి చూస్తే గీతలు తిన్నగానే ఉండేవి. అయినా కారింది. దీపం అబద్ధం చెప్పదు, బావమరిది అంతకంటే చెప్పడు, ఇక మిగిలింది తన చేతులు. బావ ఆలోచన అలా నడిచింది. ఆడలేక మద్దెల ఓడన్నదని సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, ఆడేవాడేమో తనకే ఆట రాదనుకున్నాడు.

ఎనిమిదో ఇంజను రోజు మాత్రం వేరే. దాన్ని తలుచుకుంటే మేస్త్రికి ఇప్పటికీ ఒళ్లు వేడెక్కుతుంది.

ఆ రోజు ఇంజను నడుస్తుండగా గొట్టం మొదటి కీలు దానంతటదే ఊడింది. నూనె ఆవిరి గదంతా కమ్మింది. మేస్త్రి ఇంజన్ని ఆపి, అలవాటు కొద్దీ తోక వైపు గుడ్డ పెట్టి చూశాడు. పొడిగా ఉంది. అంతకు అరగంట ముందు అదే చోట తడి తగిలింది. గోడ తుడిచి, నేల తుడిచి, కీలు గట్టిగా బిగించి మళ్లీ నడిపాడు. మళ్లీ పొగ. గుడ్డ చేత్తో పట్టుకుని ఆ గొట్టం వైపే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. విషయం ఆయన మనసులోకి రాకపోలేదు. వచ్చింది. కానీ కార్ఖానాల్లో ఏది శుభ్రంగా ఉందో చూసి షీల్డు ఇచ్చేవాళ్లు వచ్చే వారమే వస్తున్నారు. గొట్టం తీస్తే గోడ నల్లబడుతుంది. "ఇంజను వేడెక్కి ఉంటుంది, అందుకే కాసేపు ఆగింది" అని తనకు తాను చెప్పుకుని, పుస్తకంలో "సీలు కారుతోంది" అని రాశాడు.

షీల్డు వచ్చింది. తొమ్మిదో ఇంజనూ వెనక్కి వెళ్లింది. మర్నాడు బావ మేనేజరు దగ్గరికి తనంతట తనే వెళ్లి, "చేతులు మాట వినడం లేదండీ, స్టోర్సులో ఎక్కడైనా వేయండి" అన్నాడు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు. తర్వాత ఏడేళ్లు స్టోర్సు కిటికీలోంచి బోల్టులు, వాషర్లు లెక్కపెట్టి ఇచ్చి, అక్కడే ఉద్యోగ విరమణ చేశాడు. కంపెనీ నుంచి రెడీమేడు సీళ్లు తెప్పించడం మొదలైంది. అవి వచ్చిన వారమే, బయటి గోడకు రంగు వేసేవాళ్లు డ్రమ్ము దించి, జల్లెడను కిరసనాయిల్లో నానబెట్టి కడిగేశారు. ఆర్నెల్ల పాటు ఒక్క ఇంజనూ కారలేదు. ఇక రుజువేం కావాలి? "బొగ్గు బావ చెయ్యి దెబ్బతింది పాపం" అన్నారు అందరూ. తర్వాత కంపెనీ సీళ్లు కూడా అప్పుడప్పుడు కారితే, వేలు చూపడానికి మనిషి లేడు కాబట్టి అది మామూలే అనేశారు.

*

ఇంజనీరమ్మ తన రిపోర్టు రాసుకుంటుండగా మేస్త్రి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఎనిమిదో ఇంజను సంగతితో సహా మొత్తం చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టి విన్నది.

"ఇదంతా నేను రాయక్కర్లేదు. గొట్టం తీసేశామని రాస్తే సరిపోతుంది" అంది చివరికి.

"రాయండి. ఆ తొమ్మిది సీళ్లూ బాగున్నాయని రాయండి. కింద నేను సంతకం పెడతాను."

మేనేజరు ఆ కాగితం చదివి, కళ్లజోడు తీసి, "ఐదు వారాల్లో ఇంటికెళ్లేవాడివి, ఇప్పుడెందుకు మేస్త్రీ తవ్వుకోవడం? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అన్నాడు.

"కాలింది నా చేతులు కాదు సార్, అందుకే" అన్నాడు మేస్త్రి.

ఆయనకు ఇప్పుడు ఒకటే కోరిక. ఈ ఐదు వారాల్లో బావ చేతులు బావకు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆయన మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చుని ఒక్క సీలు చెయ్యాలి, అది అందరి ముందూ ఇంజన్లో తిరగాలి, గుడ్డ తెల్లగా రావాలి. తర్వాత తనను తిట్టినా, మొహం మీద తలుపేసినా పడతాడు. తప్పు చేసినవాడు మొత్తం సరిదిద్దేయగలననుకోవడం కూడా ఒక రకం పొగరే. కానీ ఆ పూట మేస్త్రికి అది తోచలేదు.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాడు. సైకిలు షాపు పక్క సందులో రెండు గదుల ఇల్లు. బావ కిటికీ దగ్గర కుర్చీలో పేపరు చదువుతున్నాడు. అక్క వంటగది గడపలో కూర్చుని చిరిగిన దిండు గలీబు కుడుతోంది. "ఏరా, దారి తప్పావా? నెలైంది నీ మొహం చూసి" అంది.

మేస్త్రి స్టూలు లాక్కుని బావ ఎదురుగా కూర్చున్నాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"బావా, నీ సీళ్లు బాగానే ఉండేవి."

"ఏ సీళ్లు?"

"అన్నీ. ఆ తొమ్మిదీ. తప్పు నా గొట్టానిది."

బావ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. మేస్త్రి చెప్తున్నంతసేపూ మధ్యలో అడ్డు రాలేదు. చెప్పడం అయ్యాక, పనివాడు పనివాణ్ని అడిగినట్టు అడిగాడు.

"గొట్టం లోపలి కొలత ఎంత?"

"అంగుళం."

"జల్లెడ ఎన్ని పొరలు వేశావు?"

"నాలుగు."

"నాలుగా." బావ లోలోపల ఏదో లెక్క కట్టుకున్నాడు. "అయితే కొన్ని నెలల్లో పూడుకుపోతుందిలే." "కీలు ఊడిన రోజు నీకు తెలిసింది కదరా. ఆ సాయంత్రం నాతోపాటే నడిచొచ్చావు. ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"షీల్డువాళ్లు వస్తున్నారు బావా. గోడ నల్లబడుతుందని."

గడపలో సూది ఆగిపోయింది.

"గోడ నల్లబడుతుందనా?" అంది అక్క. ఆమె గొంతు పెంచలేదు, అదే మేస్త్రికి ఇంకా కష్టమైంది. "పదకొండేళ్లైందిరా తమ్ముడూ ఈయన ఇంట్లో బల్బు మార్చి. గోడకు మేకు కొట్టమంటే పక్కింటాయన్ని పిలుస్తారు. నా చేత్తో వద్దులే, పాడవుతుందిలే, ఇదే మాట. మనవరాలు పుడితే ఆస్పత్రిలో అందరం ఎత్తుకున్నాం. ఈయన మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు, జారిపోతుందేమోనని. ఆ పిల్లకిప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఎత్తుకోమని ఎవరు అడుగుతారు?"

"ఊరుకోవే" అన్నాడు బావ.

"పదకొండేళ్లు ఊరుకున్నాను కదా." ఆమె కుట్టు పక్కన పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికే కడిగేసిన గిన్నెలవి.

మేస్త్రికి ఏడుపొచ్చింది. ఏడ్వడానికి కూడా తనకు హక్కు లేదనిపించి తల దించుకున్నాడు. బావ నాలుగు చీవాట్లు పెడితే బాగుండుననుకున్నాడు. బావ పెట్టలేదు. పేపరు మళ్లీ విప్పుకుని, "టీ తాగి వెళ్లు" అన్నాడు.

"బావా, ఒక్కసారి రా. నీ బల్ల ఖాళీగానే ఉంది. ఆ ఇంజన్ని విప్పాం, విప్పాక దానికి కొత్త సీలే వెయ్యాలి. నువ్వే చెయ్యాలి."

"నా వల్ల కాదు."

"నీ చేతులు బాగున్నాయని చెప్తున్నా కదా."

వంటగదిలోంచి అక్క గొంతు వచ్చింది. "వెళ్లండి. వాడి కోసం కాదు, నా కోసం వెళ్లండి."

*

బుధవారం పొద్దున బావ కార్ఖానాకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. గేటు దగ్గర పాత కాపలాదారు లేచి నిలబడితే, కూర్చోమని చెయ్యి ఊపాడు. సీళ్ల గదిలో బల్ల మీద అట్టపెట్టెలు పేర్చి ఉంటే మేస్త్రి ముందురోజే తీయించి, పలక తుడిచి, దీపానికి కొత్త తీగ వేయించాడు. ఇంజనీరమ్మ ఒక మూలన నిలబడింది. మేనేజరు కూడా గుమ్మం దాకా వచ్చాడు.

బావ చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఉంగరం ముఖానికి వేలు తగలకుండా అంచులు పట్టుకుని పలక మీద పెట్టాడు. మొదటి పది నిమిషాలూ చెయ్యి తడబడింది. తర్వాత మెల్లగా, ఎనిమిది అంకె తర్వాత ఎనిమిది అంకె, చెయ్యి దాని దారి అది పట్టుకుంది. భుజం కదలడం లేదు, మణికట్టు మాత్రమే తిరుగుతోంది. పలక మీద ఉంగరం చేసే ఆ సన్నటి బరబర పదకొండేళ్ల తర్వాత మేస్త్రి చెవిన పడింది. ఒక దశలో బావ కింది పెదవి కొరుక్కున్నాడు. పని కుదురుతున్నప్పుడు ఆయన చేసే పనే అది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

గంటన్నర పట్టింది. బావ ఉంగరాన్ని తుడిచి, పసుపు దీపం కింద పెట్టి, గాజు బిళ్ల మోపాడు. ముందు ఇంజనీరమ్మ వంగి చూసింది.

"ఒక్క గీత కూడా వంగలేదు" అంది. "కంపెనీ సీలు కూడా ఇంత చదునుగా రాదు."

మేనేజరు చూసి తలూపాడు. మేస్త్రి చూశాడు. దువ్వెన పళ్లలా గీతలన్నీ తిన్నగా, పక్కపక్కనే ఉన్నాయి. "బావా, చూడు" అన్నాడు.

బావ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. బిళ్లను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"తిన్నగానే ఉన్నాయి" అన్నాడు.

"మరింకేం? ఇంజన్లో బిగిద్దాం."

"అప్పుడూ తిన్నగానే ఉండేవిరా."

"అప్పుడు గొట్టం వల్ల కారింది బావా. ఇప్పుడు గొట్టం లేదు, తీసేశాం. సీలు బాగుంది. నేను చెప్తున్నా కదా."

బావ ఆయన వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే మేస్త్రి తట్టుకునేవాడు. లేదు.

"అప్పుడూ నువ్వే కదరా చెప్పింది."

బావ గాజు బిళ్ల తీసి దాని పెట్టెలో పెట్టాడు, దీపం ఆర్పాడు. ఉంగరాన్ని అంచులు పట్టుకుని ఎత్తి, రెండడుగులు వేసి, పనికిరాని సరుకు వేసే ఎర్ర డబ్బాలో పడేశాడు. కార్బను పెళుసు కదా, టప్పుమని విరిగింది.

"అది బిగించకండి. కంపెనీ సీలే వేసుకోండి. పైన గాల్లో మనుషులుంటారు" అన్నాడు.

తర్వాత చేతులు కడుక్కున్నాడు. మేస్త్రి ఇచ్చిన గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడుచుకుని, మడిచి తిరిగి ఇచ్చాడు. "మీ అక్క అడిగితే కుదర్లేదని చెప్పకు. అవసరం పడలేదని చెప్పు" అని మేస్త్రికి మాత్రమే వినపడేలా అని, చేతులు వెనక్కి కట్టుకుని గేటు వైపు నడిచాడు.

అందరూ వెళ్లిపోయాక మేస్త్రి ఒక్కడే ఉండిపోయాడు. సీలు కారుతోందని తను చెప్తే ఆ మనిషి పదకొండేళ్లు నమ్మాడు. బాగుందని చెప్తే ఒక్క పూట కూడా నమ్మలేకపోయాడు. ఎర్ర డబ్బాలో చెయ్యి పెట్టి ముక్కలు ఏరాడు. మూడు ముక్కలయింది ఉంగరం. దీపం వెలిగించి, ఒక్కొక్క ముక్కనూ దాని కింద పెట్టి, గాజు బిళ్ల మోపి చూశాడు. మూడింటి మీదా గీతలు తిన్నగానే ఉన్నాయి.